జేబులో రూపాయి... తూటాను ఆపుతుందా?

విలన్ పేల్చిన తూటా సరిగ్గా హీరో గుండెకే తగులుతుంది. అంతా అయిపోయిందనుకునేలోపు అతను లేచి, జేబులోంచి సొట్టపడ్డ రూపాయి బిళ్ళ తీసి చూపిస్తాడు. హాల్లో ఈలలే ఈలలు! ఇంటికొచ్చిన పిల్లాడు తాను డబ్బాలో దాచుకున్న పాత నాణేలను కొత్త గౌరవంతో చూస్తాడు. నిజంగా వాటికంత బలముందా?

ఏకే-47 తూటా బరువు దాదాపు 8 గ్రాములు. సెకనుకు 700 మీటర్ల వేగంతో వస్తుంది. శక్తి సుమారు 2 వేల జౌల్స్. 1992 నాటి స్టీలు రూపాయి 4.85 గ్రాములే. ఆ దెబ్బకు అది నిలవదు. వేగం తక్కువైతే మాత్రం అదృష్టం కలిసిరావచ్చు. 1912 అక్టోబరు 14న మిల్వాకీలో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌పై పిస్తోలు పేలింది. జేబులోని కళ్లద్దాల స్టీలు పెట్టె, మడిచిన 50 పేజీల ప్రసంగం తూటా వేగాన్ని తగ్గించాయి. అయినా అది ఛాతీలో దిగింది. ఆగలేదు, నెమ్మదించిందంతే!

ఇక అదే రూపాయి రోదసిలో ఉంటే కథ తిరగబడుతుంది. శ్రీహరికోట నుంచి వెళ్లే ఉపగ్రహాలు తిరిగే కక్ష్యల్లో వ్యర్థాలు ఢీకొనే వేగం సగటున సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వేగంతో వచ్చే రూపాయి శక్తి రైఫిల్ తూటాకు 100 రెట్లు పైమాటే. అక్కడ రూపాయి కవచం కాదు, అదే తూటా!

మరి దాన్ని ఆపేదెలా? మందపాటి రేకు మోయాలంటే రాకెట్‌కు భారం. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపిల్ 1940ల్లోనే ఉపాయం చెప్పారు. అసలు గోడకు కాస్త ముందు పల్చటి రేకు ఉంచాలి. దాన్ని తాకగానే ముక్క తునాతునకలై చెదిరిపోతుంది. దెబ్బ ఒక్కచోట పడదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఇలాంటి కవచాలే రక్ష. అయితే అవి ఆపేది ఒక సెంటీమీటరు లోపు ముక్కల్నే. రూపాయి అంతదొస్తే అవి ఆపలేవు.

ఆ చెత్తలో మన వాటా కూడా ఉంది. 2001 అక్టోబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 చివరి దశ, ఆ డిసెంబరులో కక్ష్యలో పేలి వందల ముక్కలైంది. ఆ తర్వాత నుంచి, మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేసే ఏర్పాటు చేశారు. 2023 జులై 30న పీఎస్‌ఎల్‌వీ-సీ56 ప్రయోగాన్ని వ్యర్థాల ముప్పు వల్ల ఒక్క నిమిషం ఆపారు.

తూటాకు ఎదురు నిలవడం సినిమాల్లో హీరోయిజం. శ్రీహరికోటలో మాత్రం... ఒక్క నిమిషం ఆగడమే!