బొడ్డుతాడు రక్తం... అనుభవం ఎరుగని సైన్యం

కాన్పు అయ్యాక మాయతో పాటు పారవేసే బొడ్డుతాడులో సుమారు వంద మిల్లీలీటర్ల వరకు రక్తం మిగిలి ఉంటుంది. దానిని భద్రపరచుకోవాలంటూ ప్రైవేటు బ్యాంకులు కాబోయే తల్లిదండ్రులను కోరుతున్నాయి. వేలాది రూపాయలు చెల్లించే ముందు అందులోని రోగనిరోధక కణాలు పెద్దల కణాలకు ఎలా భిన్నమైనవో తెలుసుకోవడం అవసరం.

క్రిములను గుర్తించే టి-కణాలు థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. జన్యు శకలాలు పలు రకాలుగా అతుక్కోవడం వల్ల ఒక్కో కణంపై ఒక్కో తీరు గ్రాహకం ఏర్పడుతుంది. బొడ్డుతాడు రక్తంలోని టి-కణాల్లో అత్యధికం ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోనివే. అంటే రకాలు అనేకం, ఒక్కో రకంలో కణాలు స్వల్పం. పెద్దల్లో పరిస్థితి వేరు. ఆటలమ్మ, జలుబు, వేయించుకున్న టీకాలు అన్నీ తమ ముద్ర వదిలి వెళతాయి. ఒకసారి పోరాడిన కణాలు సంతతిని పెంచుకుని జ్ఞాపక కణాలుగా నిలుస్తాయి. సైటోమెగలో వైరస్ ఒక్కటే కొందరు వృద్ధుల టి-కణాల్లో గణనీయమైన వాటాను ఆక్రమిస్తుంది. వయసుతో థైమస్ కుంచించుకుపోవడంతో కొత్త కణాల రాకా తగ్గుతుంది.

అలాగని శిశువుకు రక్షణ లేదనుకోరాదు. తల్లి ప్రతిరక్షకాలు మాయ ద్వారా ముందే చేరుతాయి. మిగతాది ముర్రుపాలు చూసుకుంటాయి. వాటిని పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉండటం విచారకరం. స్వీడన్ పరిశోధకులు వంద మంది శిశువులను పరిశీలించి 2018లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, పుట్టిన తర్వాత వారాల వ్యవధిలోనే ఈ కణ వ్యవస్థ వేగంగా మారిపోతుంది.

వరమూ, లోపమూ అదే

1988లో పారిస్‌లో వైద్యురాలు ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం ఫాంకోని రక్తహీనతతో బాధపడుతున్న బాలునికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తాన్ని తొలిసారిగా ఎక్కించింది. ఈ కణాలకు పాత పోరాటాల జ్ఞాపకం లేనందున, కణజాల జోడీ పూర్తిగా కుదరకపోయినా గ్రహీత శరీరంపై తిరగబడటం తక్కువ. అదే కారణంగా మార్పిడి తర్వాత వైరస్‌లను అదుపు చేయడంలో వెనుకబడతాయి. కణాల సంఖ్య పరిమితం కావడంతో కోలుకోవడమూ ఆలస్యమవుతుంది.

తలసీమియా వంటి జన్యు వ్యాధి ఉన్న బిడ్డకు తన బొడ్డుతాడు రక్తం పనికిరాదు. లోపం అందులోనూ ఉంటుంది. ఆరోగ్యవంతమైన, కణజాలం సరిపోలిన తోబుట్టువుదైతే ఉపకరిస్తుంది. సొంత వాడకానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో పేర్కొంది. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి ముడివేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ కాస్త సమయంలో బిడ్డకు చేరే రక్తం తర్వాతి నెలల్లో ఇనుము లోపాన్ని తగ్గిస్తుంది.