కర్ర దాహం తగ్గించే వేడి

కొల్లేటి ఊళ్లలో తాటిదోనె నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. అయినా దాని కొలతలు మారవు. అదే ఊళ్లో వేపచెక్క తలుపు మీద నీటి చుక్క పడకపోయినా, శ్రావణమాసం వచ్చేసరికి ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుంది. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా వానలు పట్టాక వడ్రంగిని పిలిచి అంచులు చిత్రిక పట్టించుకోవడం మామూలే.

ఈ తేడా కర్ర కణాల గోడల్లో ఉంది. ఆ గోడల్లో ఉండే సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్‌లలో నీటిని ఎక్కువగా పట్టేది హెమిసెల్యులోజ్. నీటిని పట్టుకునే దాని హైడ్రాక్సిల్ సమూహాలకు గాలిలోని ఆవిరి చాలు. గోడలోకి నీరు చేరేకొద్దీ కర్ర ఉబ్బుతుంది. ఎండు కర్ర బరువులో సుమారు 30 శాతం నీరు చేరేసరికి గోడలు నిండిపోతాయి. ఆపైన వచ్చే నీరు కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తుంది, ఉబ్బు మాత్రం పెరగదు. దోనె ఎప్పుడూ ఆ హద్దుకు పైనే ఉంటుంది. తలుపు హద్దుకు కింద ఉండి, రుతువును బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ మార్పు పొడవులో దాదాపు కనిపించదు, అంతా వెడల్పులోనూ మందంలోనూ. పలకలు అతికి చేసిన 90 సెంటీమీటర్ల తలుపులో తేమ 12 నుంచి 18 శాతానికి పెరిగితే వెడల్పు ఒక సెంటీమీటరు దాకా పెరగవచ్చు.

బాగా ఎండిన కర్ర కూడా ఎందుకు ఉబ్బుతుంది? ఎండబెడితే ఉన్న నీరు పోతుంది కానీ నీటిని పట్టే గుణం పోదు. అది తగ్గాలంటే కర్రను 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచాలి. మంట అంటుకోకుండా చుట్టూ నీటి ఆవిరో నైట్రోజనో నింపుతారు. ఆ వేడికి ముందు విరిగేది హెమిసెల్యులోజే. అప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లం ఆ విరగడాన్ని ఇంకా తొందరపెడుతుంది. 1940లలో అమెరికాలో శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టామ్ కర్రను కరిగిన లోహంలో ముంచి వేడిచేసి ఈ మార్పును పరీక్షించాడు. 1990లలో ఫిన్లండ్ దీన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. ఇలా బాగా వేడిచేసిన కర్ర మామూలు కర్ర పట్టే తేమలో దాదాపు సగమే పడుతుంది.

అయితే దీనికి మూల్యం ఉంది. కర్ర ముదురు గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది, మేకు దిగగొడితే చీలే ప్రమాదం ఉంటుంది. అందుకే ఇది కిటికీలకూ తలుపులకూ మేలు గానీ, బరువు మోసే దూలాలకూ నేలలో పాతే రాటలకూ వద్దు.

మామూలు కర్రతోనే తలుపు చేయించేవారు కొనేముందు తేమ మీటరు పెట్టి చూపించమని కలప డిపోలో అడగండి. రంగు వేయించేటప్పుడు తలుపు పై అంచునూ కింది అంచునూ వదిలేయనివ్వకండి. తేమ తొందరగా ఎక్కేది అక్కడి నుంచే.