సంతానమును గను విధములు

జంతువు లన్నియు నొక్క తీరున సంతానమును గనవు. గోదురుకప్ప నీటిలో వేలకొలది గ్రుడ్లు విడిచి పోవును. కాచువారు లేనందున వానిలో పెక్కులు చేపల పాలగును. కోడి కొలదిగా గ్రుడ్లు పెట్టి, 21 దినములు పొదిగి పిల్లలను చేయును. ఆవు ఇంచుమించు తొమ్మిది మాసములు గర్భమున మోసి, సాధారణముగా నొక దూడనే యీని పాలిచ్చును. కాపుదల పెరిగినకొలది సంఖ్య తగ్గుట గమనింపదగినది.

మన తూర్పు తీరమున ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో ఇంచుమించు నూరు గ్రుడ్లు పాతి, సముద్రమునకు మరలిపోవును. 45 మొదలు 60 దినములకు ఇసుకవేడిమిచేతనే పిల్లలు వెలువడును. వేడిమి హెచ్చినచో ఆడుపిల్లలును, తగ్గినచో మగపిల్లలును అధికమగును. తల్లి కాపు లేని యా గ్రుడ్లను కుక్కలు త్రవ్వకుండను, మనుష్యులు త్రొక్కకుండను చూచుట మన వంతని విద్యార్థులకు మేము మనవి చేయుచున్నాము.