కొండ ఎక్కేముందు గుండెను అడగండి!

సెలవులు వచ్చాయంటే చాలు, ఇంటిల్లిపాదీ మూటా ముల్లే సర్దుకుని ఏదో ఒక కొండ దారి పడతారు. మంచిదే! పట్నవాసపు దుమ్ము, పొగ, రణగొణ ధ్వనుల నుంచి రెండు రోజులు తప్పించుకోవాలని ఎవరికుండదు? అయితే, ఏడాది పొడుగునా వీధి చివరి అంగడికి కూడా బండి మీదే వెళ్ళే మనిషి, ఆ ఒక్కరోజు పిల్లలతో పోటీపడి కొండ ఎక్కితే ఏమవుతుంది? కాళ్ళ నొప్పులతో సరిపోతే అదృష్టమే. ఒక్కొక్కసారి అంతటితో సరిపోదు.

అలాగని కొండలకు వెళ్ళడం మానేయమని కాదు. ఎలా వెళ్ళాలో తెలుసుకుని వెళ్ళమని! ఉదాహరణకు మన హార్స్‌లీ కొండనే తీసుకుందాం.

ఏనుగు మల్లమ్మ కొండ

మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుందీ కొండ. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పాపను ఏనుగులు సాకాయని అక్కడివారు చెప్పుకుంటారు. పైన ఆమెకు గుడి కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర అక్కడ వేసవి విడిది కట్టుకున్నాక ఆయన పేరు స్థిరపడిపోయింది.

కొండ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్లు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుకే మదనపల్లెలో చెమటలు కక్కినవారికి పైన హాయిగా ఉంటుంది. 'అంత ఎత్తున ఊపిరాడదేమో' అన్న భయం ఆరోగ్యవంతులకు అక్కర్లేదు. గాలి పలచబడి వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే కనిపిస్తుంది.

కొండ మీద గాలిబండల దగ్గర నిలబడితే గాలి మనిషిని తోసేస్తుంది. కింద చూస్తే చెరువులు అద్దం పెంకుల్లా మెరుస్తాయి. కొండ దిగువన టమాటా తోటలు, చెనిక్కాయ చేలు, చింతచెట్లు, మామిడి తోపులు. దగ్గర్లోనే జిడ్డు కృష్ణమూర్తి ఎంచుకున్న రిషివ్యాలీ. చెవులు రిక్కించి నడిస్తే దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా కనబడని పసుపు గొంతు పిగిలిపిట్ట పలకరించినా పలకరించవచ్చు. కారులో పైకి వెళ్ళి, ఫోటోలు తీసుకుని దిగి వచ్చేవారికి ఇవేవీ దక్కవు. నడిచేవారికే దక్కుతాయి.

కొండగాలి మందా?

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయకు మందులు లేని రోజుల్లో, 1910ల్లో అక్కడ శానటోరియం వెలిసింది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి... ఆనాటికి అదే వైద్యం. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నాక కథ మారింది. 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన ఫలితాలు, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్న రోగి కూడా శానటోరియంలో ఉన్నవాడిలాగే కోలుకుంటాడని నిరూపించాయి. కాబట్టి గాలి మార్పు ఏ జబ్బుకీ మందుకు బదులు కాదు. 'కొండ మీదికి వెళుతున్నాం కదా' అని రక్తపుపోటు మాత్రలు ఇంట్లో వదిలి వెళ్ళకండి!

మేలు చేసేది గాలి కంటే ఎక్కువగా నడక. 1953లో లండన్ బస్సుల సిబ్బందిపై వెలువడిన పరిశోధన ప్రసిద్ధమైనది. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. అయితే ఒక్క విషయం. ఆ కండక్టర్లు మెట్లు ఎక్కింది రోజూ! ఏడాదికొకసారి కాదు.

మూడు వారాల ముందు నుంచే...

ప్రయాణం నిశ్చయమైన రోజు నుంచే అలవాటు మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకు అరగంట చదును నేల మీద నడవండి. రెండోవారం మేడ మెట్లు నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. మూడోవారం నడక ముప్పావు గంటకు పెంచండి. కొండకు వేసుకునే బూట్లు ఈ మూడు వారాలూ వేసుకోండి. కొత్త బూట్లతో కొండ ఎక్కడమంటే బొబ్బల్ని కొని తెచ్చుకోవడమే.

గుండెజబ్బు ఉన్నవారు, గుండెకు ఆపరేషన్ అయినవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు, ఉబ్బసం ఉన్నవారు, గర్భవతులు డాక్టరుగారిని అడిగి బయలుదేరండి. నలభై దాటి, పొగతాగే అలవాటో చక్కెర వ్యాధో ఉండి, ఇన్నాళ్ళూ వ్యాయామం ఎరగనివారికీ ఇదే మాట.

ఎంత సేపు పడుతుంది?

స్కాట్లండుకు చెందిన నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. అయిదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తుకు మరో గంట. కింది పల్లెల నుంచి ఈ కొండ దాదాపు అయిదు వందల మీటర్ల ఎక్కుడు. అంటే దూరానికి పట్టే సమయం మీద ఇంచుమించు మరో యాభై నిమిషాలు కలుపుకోవాలి. పిల్లలు, పెద్దలు వెంట ఉంటే మొత్తానికి సగం మళ్ళీ కలపండి. తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే పైకి చేరుకోండి. చీకటి పడ్డాక అడవి దారిలో నడవవద్దు. ఆ వేళలు చిరుతలవి, ఎలుగుబంట్లవి.

వేగానికి తేలికైన కొలత ఒకటుంది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతూ ఉంటే వేగం తగ్గించండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారే ముందు నడవాలి. కుర్రాళ్ళు ముందు పరుగెత్తితే, వెనకబడిన పెద్దాయన పౌరుషానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఈ ఆయాసం వేరు!

ఎక్కుతుంటే ఆయాసం రావడం సహజం. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. కానీ రొమ్ము మీద బండ పెట్టినట్లు బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు, కళ్ళు తిరగడం... ఇవి అలసట కాదు! చక్కెర వ్యాధి ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసంగానే గుండెపోటు రావచ్చు. 'గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగితే పోతుంది' అనుకోకండి. పిల్లల ముందు చెప్పుకోవడానికి మొహమాటపడకండి. వెంటనే కూర్చోండి. డాక్టరు ఇచ్చిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంటే కూర్చునే వాడండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆ మనిషిని మాత్రం ఒక్క అడుగు కూడా నడిపించకండి.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు పరగడుపున ఎక్కకూడదు. జేబులో పంచదార పొట్లం తప్పనిసరి. వణుకు, చెమట, తత్తరపాటు కలిగితే మూడు నాలుగు చెంచాలు నోట్లో వేసుకోండి. నడిచేరోజు తొడకు ఇన్సులిన్ పొడుచుకోవద్దు. నడకతో అది త్వరగా ఒంటికి పడుతుంది. రాత్రి పడుకునేముందు అరికాళ్ళు పరీక్షగా చూసుకోండి.

దిగేటప్పుడే మోకాళ్ళకు పరీక్ష

ఎక్కడం గుండెకు పరీక్ష అయితే, దిగడం మోకాళ్ళకు పరీక్ష. ఒంటి బరువును ప్రతి అడుగులోనూ తొడ కండరాలే ఆపాలి. అందుకే మర్నాడు మెట్లు దిగలేక మూలుగుతాం. చిన్న అడుగులు వేయండి. చేతికర్ర వాడండి. పరుగు వద్దు. రెండుమూడు రోజుల్లో ఆ నొప్పులు వాటంతట అవే పోతాయి.

నీళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగండి. బాగా చెమట పడితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచాకు సమంగా తలగొట్టి కొలిచి కలుపుకోండి. చిరుతిండికి బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, అరటిపండ్లు చాలు. పైకెళ్ళాక వేడివేడి రాగిసంగటి ఎలాగూ ఉంటుంది!

పొదల్లో పొంచి ఉన్నవి

పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి ఆస్పత్రికి చేర్చండి. విరుగుడు మందు ఉన్నది అక్కడే. కోతి కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్ళండి. బండల కింద తేనెపట్లున్న చోట మంట, పొగ పెట్టవద్దు.

వీటన్నిటికంటే కనబడని శత్రువు ఒకటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినప్పుడు తెలియదు. ఇంటికి వచ్చిన ఒకటి నుంచి మూడు వారాల్లోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనబడవచ్చు. అది అందరిలోనూ ఉండదు. సకాలంలో తెలిస్తే మామూలు మందులకే లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణాపాయం కలగవచ్చు. అందుచేత జ్వరం వస్తే డాక్టరుగారితో 'ఫలానా తేదీన కొండకు వెళ్ళాం, పొదల్లో తిరిగాం' అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు! నడిచేటప్పుడు నిండు చొక్కా, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. గడ్డి మీద పడుకోకండి. బసకు రాగానే స్నానం చేసి, విడిచిన బట్టలు ఉతకడానికి వేయండి.

వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ కొండ నడకకు అనువైన కాలం. బస్సు టిక్కెట్లు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు రేపు ఉదయం లేచి మీ వీధి చివరిదాకా నడిచి రండి. మీ కొండ యాత్ర మొదలయ్యేది అక్కడే!