జట్టు కూర్పులో వేతన పరిమితి: సన్‌రైజర్స్ లెక్క, హైదరాబాద్ ఎఫ్‌సీ పాఠం

మందిర్ హసౌద్ (రాయ్‌పూర్): రాయ్‌పూర్ నుంచి విజయనగరం వైపు వెళ్లే రైలు మార్గంలో, నగరం దాటిన తర్వాత వచ్చే స్టేషన్లలో మందిర్ హసౌద్ ఒకటి. దీనికి సమీపంలో, పర్సదా వద్ద షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉంది. 2013, 2015, 2016 ఐపీఎల్ సీజన్లలో ఢిల్లీ డేర్‌డెవిల్స్ తన సొంత మ్యాచ్‌లలో కొన్నింటిని ఇక్కడే ఆడింది. 2023 జనవరి 21న భారత్, న్యూజిలాండ్ జట్ల వన్డే కూడా ఈ మైదానంలోనే జరిగింది.

అయితే ఐపీఎల్‌లో గానీ, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో గానీ ఛత్తీస్‌గఢ్‌కు సొంత జట్టు లేదు. ఇక్కడి అభిమాని మరో నగరపు జట్టును తనదిగా ఎంచుకోవాలి. రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి భాష రీత్యా దగ్గరగా కనిపించేవి హైదరాబాద్ జట్లే. సీజన్ ముగిసి మైదానం ఖాళీ అయ్యాక, ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్న చర్చ ఎక్కడైనా ఒకేలా సాగుతుంది. ఆ చర్చలో ప్రతి అభిమానీ ఒక సెలెక్టరే. కానీ సెలెక్టర్‌కు లేని ఒక బంధనం ఫ్రాంచైజీకి ఉంటుంది. అదే వేతన పరిమితి.

పరిమితి ఎందుకు?

ఒక జట్టు తన ఆటగాళ్ల జీతాలపై ఒక సీజన్‌లో ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తాన్ని లీగ్ నిర్ణయించడమే వేతన పరిమితి. డబ్బున్న యజమాని మేటి ఆటగాళ్లందరినీ ఒకేచోట పోగుచేయకుండా చూడడం దీని ప్రధాన ఉద్దేశం. అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1994లో ఈ విధానాన్ని అమలులోకి తెచ్చినప్పుడు ఒక్కో జట్టుకు పరిమితి 3.46 కోట్ల డాలర్లు. 2025 నాటికి అది 27.92 కోట్ల డాలర్లకు చేరింది. ఆ లీగ్‌లో ఈ పరిమితిని దాటడానికి వీల్లేదు. అదే దేశంలోని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కొన్ని మినహాయింపులతో పరిమితిని దాటేందుకు జట్లను అనుమతిస్తుంది.

ఐరోపా ఫుట్‌బాల్‌ది వేరే పద్ధతి. అక్కడ అన్ని క్లబ్బులకూ ఒకే అంకె ఉండదు. క్లబ్బు ఆదాయాన్ని బట్టి ఖర్చుకు హద్దు ఏర్పడుతుంది. స్పెయిన్‌లోని లా లిగా నిబంధనల కారణంగానే 2021 ఆగస్టులో లియోనెల్ మెస్సీ కొత్త ఒప్పందాన్ని బార్సిలోనా నమోదు చేయలేకపోయింది. ఆటగాడు ఉండాలనుకున్నాడు, క్లబ్బు ఉంచుకోవాలనుకుంది, అయినా లెక్క కుదరలేదు. అభిమానుల అభీష్టం కన్నా ఆదాయ వ్యయాల పట్టిక బలమైనదని ప్రపంచానికి తెలియజేసిన సందర్భం అది.

ఐపీఎల్‌లో లెక్క ఎలా సాగింది?

2024 సెప్టెంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం 2025 సీజన్ వేలానికి ఒక్కో ఫ్రాంచైజీకి రూ.120 కోట్ల పర్సు లభించింది. మ్యాచ్ ఫీజులు, ప్రతిభ ఆధారిత చెల్లింపులు కలుపుకొని మొత్తం వేతన పరిమితిని 2025కు రూ.146 కోట్లుగా, 2026కు రూ.151 కోట్లుగా, 2027కు రూ.157 కోట్లుగా నిర్ణయించారు. అట్టిపెట్టుకోవడం, రైట్ టు మ్యాచ్ (ఆర్‌టీఎం) అవకాశం రెండూ కలిపి ఒక్కో జట్టు గరిష్ఠంగా ఆరుగురు పాత ఆటగాళ్లను నిలుపుకోవచ్చు. వారిలో అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినవారు ఐదుగురిని మించకూడదు.

అట్టిపెట్టుకునే ఐదుగురికీ పర్సులోంచి వరుసగా రూ.18 కోట్లు, రూ.14 కోట్లు, రూ.11 కోట్లు, రూ.18 కోట్లు, రూ.14 కోట్లు తగ్గించారు. మూడో ఆటగాడి వరకు దిగుతూ వచ్చిన ధర నాలుగో ఆటగాడి దగ్గర మళ్లీ రూ.18 కోట్లకు ఎగబాకడం ఇక్కడ గమనార్హం. ముగ్గురితో ఆగితే రూ.43 కోట్లతో సరిపోతుంది. ఐదుగురినీ ఉంచుకుంటే రూ.75 కోట్లు పోతాయి. పాత జట్టును అలాగే నిలుపుకోవాలనుకునే వారు అందుకు తగిన మూల్యం చెల్లించాలన్నదే ఈ వరుస అంతరార్థం.

సన్‌రైజర్స్ ఎంపిక

2024 ఫైనల్‌లో కోల్‌కతా చేతిలో ఓడిన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆ మూల్యాన్ని పూర్తిగా చెల్లించేందుకే సిద్ధపడింది. హెన్రిక్ క్లాసెన్‌కు రూ.23 కోట్లు, కెప్టెన్ పాట్ కమిన్స్‌కు రూ.18 కోట్లు, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్‌లకు చెరి రూ.14 కోట్లు, నితీశ్ కుమార్ రెడ్డికి రూ.6 కోట్లు కేటాయించింది. మొత్తం సరిగ్గా రూ.75 కోట్లు.

విశాఖపట్నానికి చెందిన నితీశ్ విషయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. 2023 వేలంలో అతడిని జట్టు రూ.20 లక్షలకే తీసుకుంది. 2024 అక్టోబరులో అతడు భారత జట్టు తరఫున అరంగేట్రం చేశాడు. ఆ నెలాఖరే అట్టిపెట్టుకునే ఆటగాళ్ల జాబితాకు గడువు. అంతర్జాతీయ మ్యాచ్ ఆడని ఆటగాడిగా ఉండి ఉంటే అతడికి రూ.4 కోట్లు సరిపోయేవి, ఐదుగురి కోటాలో ఒక స్థానమూ మిగిలేది. ఆటగాడికి గౌరవం తెచ్చిన అరంగేట్రం జట్టు లెక్కను మార్చింది.

ఇక మిగిలింది రూ.45 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. అంటే మరో 13 మందిని తీసుకోవాలి. సగటున ఒక్కొక్కరికి దాదాపు రూ.3.46 కోట్లు. జెడ్డాలో జరిగిన వేలంలో ఇషాన్ కిషన్‌కు రూ.11.25 కోట్లు, మహమ్మద్ షమీకి రూ.10 కోట్లు, హర్షల్ పటేల్‌కు రూ.8 కోట్లు వెచ్చించడంతో రూ.29.25 కోట్లు అయిపోయాయి. కనీసం మరో పది మంది కోసం మిగిలింది రూ.15.75 కోట్లే.

2014 నుంచి జట్టుకు వెన్నెముకగా నిలిచిన భువనేశ్వర్ కుమార్‌ను బెంగళూరు రూ.10.75 కోట్లకు దక్కించుకుంది. ఆర్‌టీఎంతో అతడిని వెనక్కు తెచ్చుకునే వీలు సన్‌రైజర్స్‌కు లేదు. అంతర్జాతీయ ఆటగాళ్ల ఐదు స్థానాలూ అప్పటికే నిండిపోయాయి. 2025లో భువనేశ్వర్ ఆడిన బెంగళూరు తొలిసారి విజేతగా నిలిచింది. సన్‌రైజర్స్ ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ సీజన్‌లో పంజాబ్‌పై ఒకే మ్యాచ్‌లో 75 పరుగులు సమర్పించుకున్న షమీ, 2026 సీజన్‌కు ముందు లఖ్‌నవూ జట్టుకు బదిలీ అయ్యాడు.

అభిమాని వాదనలో లోపం ఎక్కడ?

‘భువీని వదిలి ఉండాల్సింది కాదు’ అన్న మాటలో భావోద్వేగం ఉంది, న్యాయమూ ఉంది. లేనిది వాక్యపు రెండో సగం. అతడి కోసం ఐదుగురిలో ఎవరిని వదలాలి? అభిషేక్‌నా, హెడ్‌నా, నితీశ్‌నా? వేతన పరిమితి ఉన్న చోట ప్రతి అభిప్రాయం వెనుకా ఒక తీసివేత ఉంటుంది. ఆ తీసివేతను పైకి చెప్పిన అభిప్రాయమే చర్చకు నిలుస్తుంది.

ఫలితం తెలిశాక నిర్ణయాన్ని తూచడం రెండో పొరపాటు. షమీని కొన్న రోజున అతడు 2023 వన్డే ప్రపంచ కప్‌లో అత్యధిక వికెట్లు తీసిన బౌలర్. గాయం నుంచి కోలుకుని వస్తున్నవాడు కూడా. ఆ రెండూ ఆనాడే తెలుసు. తెలిసిన విషయాలకు జట్టు సరైన విలువ కట్టిందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. అలా చూస్తే విమర్శకు తావున్నది ఒక్కో ఆటగాడి ఎంపికలో కాదు, మొత్తం కూర్పులో. ఎనిమిది మంది ఖరీదైన ఆటగాళ్లపై రూ.104 కోట్లకు పైగా పెట్టిన జట్టు, వారిలో ఇద్దరు ముగ్గురు తడబడితే ఆదుకునే రెండో వరుసకు తగినంత మిగుల్చుకోలేదు.

ఫుట్‌బాల్‌లో మరో పాఠం

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. ఈ నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ వారసత్వం ఉన్న నగరంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు, స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో రెండేళ్లలోనే రూపు మార్చుకుంది. 2022 మార్చి 20న ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ టైటిల్ గెలిచింది. ఆ సీజన్‌లో బర్తలోమ్యూ ఓగ్బెచె 18 గోల్స్ చేశాడు.

అప్పట్లో ఐఎస్‌ఎల్ జట్టుకు వేతన పరిమితి రూ.16.5 కోట్లు. క్లాసెన్ ఒక్కడికి దక్కిన మొత్తం కన్నా ఇది తక్కువ. ఇంత చిన్న పరిమితిలో యువకులను తీర్చిదిద్దడం, వారి ధర పెరిగాక పెద్ద క్లబ్బులకు వదలడం సహజమైన వ్యూహమే. డిఫెండర్ ఆశిష్ రాయ్ 2022లో మోహన్ బగాన్‌కు, ఆకాశ్ మిశ్రా 2023లో ముంబై సిటీకి వెళ్లినప్పుడు అభిమాని దాన్ని అలాగే అర్థం చేసుకునే వీలుంది. కానీ ముందుచూపుతో చేసే బదిలీ, గడ్డుకాలంలో జరిగే వలస బయటి నుంచి చూసేవారికి ఒకేలా కనిపిస్తాయి.

తర్వాతి పరిణామాలు ఆ తేడాను బయటపెట్టాయి. జీతాల బకాయిల వివాదాల నేపథ్యంలో 2023లో కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. ఎక్కువగా యువకులతో ఆడిన జట్టు 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

వేతన పరిమితి దీన్ని ఆపలేకపోయింది, ఎందుకంటే అది అందుకోసం పుట్టినది కాదు. ఇంత కన్నా ఎక్కువ ఇవ్వకూడదని మాత్రమే పరిమితి చెబుతుంది. ఇస్తామన్నది నెలనెలా అందుతుందన్న భరోసా ఇవ్వదు. అది ఇంటి పైకప్పు వంటిది. పునాదిని క్లబ్బు ఆదాయం, యజమాని నిబద్ధత, లీగ్ పర్యవేక్షణ కలిసి నిలబెట్టాలి. ఐపీఎల్‌లో ప్రసార హక్కుల ఆదాయం ఆ పునాదిని గట్టిపరిచింది. భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు, వాణిజ్య భాగస్వామికి మధ్య ఒప్పందం 2025 డిసెంబరులో ముగియడంతో ఐఎస్‌ఎల్ 2025-26 సీజన్ ప్రారంభమే 2026 ఫిబ్రవరి వరకు ఆగింది.

అభిమాని ఏం అడగాలి?

విరామ కాలంలో ఏ జట్టును గురించి అభిప్రాయం చెప్పాలన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఈ ఆటగాడు మంచివాడా అని కాక, ఈ ధరకు తగినవాడా? అతడిని ఉంచుకుంటే ఎవరు వెళ్లిపోతారు? మిగిలిన డబ్బుతో ఎన్ని ఖాళీలు నింపాలి? చివరిగా, ఒప్పుకున్న జీతాలు క్లబ్బు సకాలంలో చెల్లిస్తోందా? మొదటి మూడింటికి జవాబు తప్పితే ఒక సీజన్ పోతుంది. నాలుగోదానికి జవాబు తప్పితే జట్టే పోతుంది.

మందిర్ హసౌద్ దగ్గరి స్టేడియంలో డేర్‌డెవిల్స్ ఏటా ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి ఢిల్లీకి తిరిగి వెళ్లేది. సొంత జట్టు లేకపోవడం అంటే ఏమిటో ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి తెలిసిన సంగతే. ట్రోఫీ ఎత్తిన మూడున్నరేళ్లకు గచ్చిబౌలి గ్యాలరీలోని ఫుట్‌బాల్ అభిమాని కూడా అదే వరుసలో వచ్చి కూర్చున్నాడు.