దగ్గరికి వెళ్లమనే విల్లు

విల్లుతో వేటాడడం అమెరికాలో చట్టబద్ధం. అక్కడి వేటగాళ్లలో కొందరు ఏళ్ల తరబడి వాడిన కాంపౌండ్ విల్లును అటక మీద పెట్టి, చక్రాలూ కేబుళ్లూ లేని సాదా విల్లు పడుతున్నారు. సులువైన పనిముట్టును వదిలి కష్టమైనదాన్ని ఎందుకు కోరుకుంటున్నారు? మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లుకు రెండు కొనల్లో చక్రాలుంటాయి. సాదా విల్లు లాగేకొద్దీ బరువెక్కుతుంది. 60 పౌండ్ల విల్లును పూర్తిగా లాగితే ఆ 60 పౌండ్లూ వేళ్లే మోయాలి. కాంపౌండ్‌లో లాగడం పూర్తయ్యేసరికి చక్రాలు భారాన్ని తమ మీద వేసుకుంటాయి. 80 శాతం తగ్గించే రకమైతే చేతికి మిగిలేది 12 పౌండ్లే. గురి చూసుకోవడానికి తీరిక చిక్కుతుంది, నలభై యాభై మీటర్ల నుంచి కూడా కొట్టగలనన్న ధైర్యం వస్తుంది. సాదా విల్లు పట్టినవాడు ఇరవై మీటర్ల లోపలికి వెళ్లాలి. గాలి ఎటు వీస్తోందో, ఎండుటాకు ఎక్కడ చప్పుడు చేస్తుందో తెలియాలి. చాలా రోజులు ఉత్తచేతులతో తిరిగి రావాలి. ఆ విల్లు విలువంతా ఈ హద్దులోనే ఉందని నా అభిప్రాయం. బాణం వేయకుండా ఆగడం నేర్పేది అదే.

సాదా విల్లుతో గురి తప్పితే జంతువు గాయంతో రోజుల తరబడి నరకయాతన పడుతుందని కొందరంటారు. నిజమే. తగినంత దగ్గరికి వెళ్లకుండా, చేతికి తగినంత సాధన లేకుండా వేసే బాణం క్రూరమైనదే, అది ఏ విల్లు నుంచి వచ్చినా సరే. కాంపౌండ్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ విల్లుతోనే. బోర్డు మీది గురికి అది గొప్ప పనిముట్టు. ప్రాణమున్న గురి సంగతి వేరు.

ఇక మన దగ్గరికొద్దాం. మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్ దాటి దేవరకొండ వైపు సాగితే నల్లమల అంచు తగులుతుంది. అది వెదురు విల్లు పట్టిన చెంచుల సీమ. వారి మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన పుస్తకంలో చూపించిన సంగతి ఒకటుంది: చెంచుల కడుపు నింపింది ప్రధానంగా దుంపలూ కాయలూ, వేట వాటా చిన్నది. విల్లున్నంత మాత్రాన అడవిని తుడిచిపెట్టలేదు వాళ్లు. ఇప్పుడైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును మినహాయించింది. అడవినే నమ్ముకుని బతికినవారికే లేని హక్కు, సరదా కోసం విల్లు కొన్న పట్నవాసికి ఎలా వస్తుంది?

మరి పంట పాడుచేసే అడవిపందుల మాటేమిటని సూర్యాపేట, కోదాడ రైతు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయముంది. నెలల తరబడి పెంచిన పైరు ఒక్క రాత్రిలో నేలపాలైతే ఆ కోపం ఎవరికైనా అర్థమవుతుంది. దారి ఆ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. నిలిచిన పంటకు ముప్పుంటే అటవీ అధికారి అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. ఆ అనుమతి లేకుండా ఉచ్చు పెట్టినా, బాణం వేసినా నేరమే. కంచెకు కరెంటు పెడితే ఇంకా ఘోరం, ఆ తీగలకు మనుషులే బలైన ఊళ్లున్నాయి. అనుమతి దొరికినా పంది మీద సాదా విల్లు ప్రయోగించడం సరికాదు. చీకట్లో, గుంపులో, పరుగెత్తే జంతువు మీద ఇరవై మీటర్ల నియమం నిలవదు.

కాబట్టి వేటను వదిలి విల్లును తీసుకుందాం. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడల్లో పిల్లలకు విలువిద్య నేర్పాలనుకునే పెద్దలు ఖరీదైన యంత్రం కొనకముందు తేలికపాటి వెదురు విల్లు పట్టించండి. గట్టిగా కట్టిన గడ్డిమోపు గురిగా చాలు. దాని వెనక ఎత్తైన మట్టికట్ట ఉండాలి. అటువైపు మనుషులూ పశువులూ తిరగకూడదు.