కృత్రిమ మేధ – ఉపాధ్యాయ శ్రమ

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి "ఇక పంతుళ్లెందుకు?" అనే ప్రశ్న సభల్లోనూ, స్టాఫ్‌రూముల్లోనూ వినిపిస్తున్నది. దీనికి ఒకే జవాబు చెప్పడం సాధ్యం కాదు. 'పంతుళ్లు' అనే ఒక్క మాట కింద భిన్నమైన పనులు, భిన్నమైన బతుకులు ఉన్నాయి. 2016 దాకా ఒకే నల్గొండ జిల్లాగా ఉన్న మూడు ఊళ్లను తీసుకుందాం. సూర్యాపేటలో ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే నేను, కోదాడలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో ప్రోగ్రామింగు చెప్పే అధ్యాపకుడు, మిర్యాలగూడలో ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చెప్పే టీచరమ్మ – ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలిపి చూస్తే విషయం తేటపడుతుంది.

ముందుగా బోధన అనే శ్రమను విడదీసి చూడాలి. విషయం చెప్పడం ఒకటి. అభ్యాసం చేయించి దిద్దడం రెండు. పిల్లవాణ్ణి ఎరిగి ఉండి, వాడి చదువుకు జవాబుదారీ కావడం మూడు. మొదటి రెండింటిలో యంత్రం ఇప్పటికే చాలా దూరం వచ్చింది. మూడోది దానికి చేతకాదు. తప్పు జరిగితే తల్లిదండ్రుల ముందు నిలబడవలసింది మనిషే.

ఈ కొలతతో చూస్తే ఎక్కువ ఒత్తిడి కోదాడ అధ్యాపకుని మీద ఉంది. ఆయన నేర్పే ప్రోగ్రామింగు, యంత్రం బాగా చేయగలిగిన పనుల్లో ఒకటి. విద్యార్థి అసైన్‌మెంటు యంత్రం రాసిస్తుంది. ఎవరు రాశారో తేల్చే పని ఈయన నెత్తిన పడుతుంది. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న ఏఐసీటీఈ నిబంధనే ఆయనకు పెద్ద అండ.

నా పని మధ్యరకం. ప్రతిపదార్థాన్నీ, తాత్పర్యాన్నీ గైడ్లు ఏనాడో అమ్మకానికి పెట్టాయి. గైడు చూసి నోట్సు రాయించే పంతులు స్థానాన్ని యంత్రం సులభంగా ఆక్రమిస్తుంది. కాని ఇది 1946–51 సాయుధ పోరాటం నడిచిన నేల. పాఠంలో 'వెట్టి' అనే మాట వచ్చినప్పుడు "మీ ఇంట్లో ముసలోళ్లను అడిగి రా" అని పంపితే, పిల్లలు తెచ్చే జవాబులు ఏ యంత్రంలోనూ ముందుగా లేవు. వాటి మీద తరగతిలో జరిగే చర్చే సాహిత్య బోధన.

మిర్యాలగూడ టీచరమ్మ పని యంత్రానికి అన్నిటికంటే దూరం. చేయి పట్టి పలక మీద దిద్దించడం, ఆకలితో వచ్చినవాణ్ణి పోల్చుకోవడం, ఏడ్చేవాణ్ణి ఊరుకోబెట్టడం యాప్ వల్ల కాదు. ఆ లెక్కన ఆమె ఉద్యోగమే అందరికంటే భద్రంగా ఉండాలి. వాస్తవం తలకిందులుగా ఉంది. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల పాఠాలు టీవీకెక్కాయి. ప్రైవేటు బడుల పాఠాలు ఫోనుకెక్కాయి. నా తరగతిగదీ మూతపడింది, ఆమె తరగతిగదీ మూతపడింది. నా ఉద్యోగం నిలిచింది. ప్రైవేటు టీచర్లు వేల సంఖ్యలో జీతాలు కోల్పోయి కూలికి పోయారు, కూరగాయలు అమ్ముకున్నారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది.

దీన్ని బట్టి ఒక సంగతి గ్రహించాలి. ఒక పనిని యంత్రం చేయగలదా అన్నది సాంకేతిక ప్రశ్న. ఆ పని చేసే మనిషిని ఉంచుతారా అన్నది యజమానికీ శ్రామికుడికీ మధ్య ఉన్న సంబంధాల ప్రశ్న. ఈ రెంటినీ కలగలిపే చర్చ యజమానికే లాభం. తొలగింపు అతని నిర్ణయమైనా, నేరం యంత్రం మీదికి పోతుంది.

ప్రభుత్వ బడి దీనికి అతీతం కాదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో, వెనుకబడిన పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి కృత్రిమ మేధ పాఠాలు మొదలుపెట్టింది. టీచరు చేతిలో అది పనిముట్టయితే మేలే. భర్తీ కాని పోస్టుకు బదులుగా కూర్చోబెడితే మాత్రం నష్టపోయేది పేద పిల్లలే.

జవాబుదారీతనం మాటేమిటి? 2019 ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా చూపించారు. పేపరు మళ్లీ చూస్తే వచ్చినవి 99 మార్కులు. మనిషి బబులింగులో చేసిన తప్పును కంప్యూటరు పట్టుకోలేకపోయింది. 2020లో బ్రిటనులో పరీక్షలు లేకుండా గణిత సూత్రంతో గ్రేడ్లు ఇచ్చారు. ఇంగ్లండులో ఉపాధ్యాయులు అంచనా వేసిన ఏ-లెవెల్ గ్రేడ్లలో సుమారు 39 శాతం తగ్గాయి. ఆగస్టు 17న ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు. రెండు చోట్లా లోపాన్ని దిద్దించింది వీధిలోకి వచ్చిన విద్యార్థులూ, తల్లిదండ్రులే.

మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. మిల్లు వచ్చి రోకలిని పక్కన పెట్టినప్పుడు ఆడవాళ్లకు రెక్కల కష్టం తగ్గింది. దంపుడు కూలీ పోయింది, దంపుళ్ల పాటలూ పోయాయి. ఆ మార్పులో ఎవరికి ఎంత ముట్టిందో మన సాహిత్యం సరిగా లెక్కగట్టలేదు. ఇప్పుడు మన కళ్లముందే మరో శ్రమ మారుతున్నది. బడిపంతులు మీద మనకు కథలున్నాయి. అపాయింట్‌మెంటు కాగితం లేని ప్రైవేటు టీచరమ్మ మీద ఎన్ని ఉన్నాయి? యంత్రాన్ని గురించి రాయబూనే రచయిత ముందుగా ఆమె జీతాల రిజిస్టరు చూడాలి.